చాటు వెతుక్కుంటూ కోరంగి ఏట్లోకి

తూర్పు తెల్లబడుతోంది. ఉప్పాడ దీపాలు వెనకబడ్డాయి. కుడిచేతి వైపు ఒడ్డున వాకలపూడి లైటుహౌసు ఇంకా వెలుగు తిప్పుతూనే ఉంది. గాలి మీ ఎడమ భుజం వెనక నుంచి, ఈశాన్యం మూల నుంచి, ఒకే తీరున వస్తోంది. దీపావళి వెళ్ళి రెండు రోజులు. మొన్నటిదాకా ఈ నీళ్ళ మీద నైరుతి గాలి ఊదేది, ఇప్పుడు గాలి మొత్తంగా తిరిగిపోయింది. మీరున్నది ముప్పై అడుగుల నావ. తాళ్ళరేవు వడ్రంగులు కట్టింది, అడుగు చదును, ఒకటే తెరచాప. చుక్కాని దగ్గరున్న సరంగు ఏమీ మాట్లాడకుండా మీ చేతిలో సీసపు గుండు పెడతాడు.

"వెయ్యండీ. తాడు ఒక్కసారిగా వదిలెయ్యకండి, వేళ్ళ మధ్య జారనివ్వండి."

గుండు నీళ్ళలో మునుగుతుంది. తాడుకు బారకొక గుడ్డపీలిక కట్టి ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తాడు వదులవుతుంది. పైకి లాగితే గుండు అడుగున ఉన్న గుంటలో కూరిన సబ్బుకి సన్నటి ఇసక అంటుకుని వస్తుంది. సరంగు దాన్ని వేలితో నలిపి చూసి తల ఊపుతాడు. నాలుగు బారల లోతు, కింద ఇసక. కాకినాడ అఖాతం వాకిట్లోకి వచ్చేశాం.

ఈ ప్రయాణానికి ఒక్కటే పని. కార్తీకం, మార్గశిరం, ఈ రెండు నెలలు నావను ఎక్కడ కట్టాలో తేల్చుకోవాలి. బంగాళాఖాతంలో వాయుగుండాలు మన తీరం మీదికి నడిచే నెలలివి. తెప్ప అయితే నలుగురు భుజం పట్టి ఇసకలోకి లాగేస్తారు. ఇంత నావను లాగలేరు. దానికి నీళ్ళలోనే చాటు దొరకాలి. మన తీరానికి చాటు తక్కువ. విశాఖ నుంచి ఇటు రండి, చాలామేర బారుగా సాగిపోయే ఇసక ఒడ్డే, అలలు నేరుగా వచ్చి పగిలే ఒడ్డే. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డం ఉంది కాబట్టి దాని వెనక లోపలి హార్బరు తవ్వారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా అందులోకి వెళ్ళింది. అలలు ఆపడానికి వాకిట్లో రెండు పాత ఓడలను కావాలనే ముంచారు కూడా. కాకినాడకు కొండ లేదు. ఇక్కడ అడ్డం నిలిచింది గోదావరి తెచ్చిన ఇసక.

అదిగో, ఎడమవైపు. నీళ్ళ మీద గీత గీసినట్టు కనిపిస్తోందే, అదే హోప్ ఐలాండ్. దగ్గరికి వెళ్ళినా ఎత్తేమీ పెరగదు. ఇసక, పొదలు, ఇసక. దక్షిణాన గౌతమి మొగ వైపు నుంచి ఉత్తరానికి పదహారు కిలోమీటర్లదాకా సాగిన నాలుక అది. గడిచిన రెండు వందల ఏళ్ళలోనే నదీ అలలూ కలిసి దీన్ని పేర్చాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కాకినాడకు దెబ్బ తగ్గడానికి ఈ దీవే అడ్డుపడిందని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

సరంగు దీవి కొసను దూరంగా చుట్టి వస్తాడు. కొస దగ్గర నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. "కనపడే ఇసకకన్నా కనపడని ఇసక పొడుగండీ," అంటాడు. ఆ తెలుపు దాటి పడమటి పక్కకి తిరిగేసరికి నావ ఊపు తగ్గుతుంది. రెండు బారల లోతు. తెరచాప దించుతారు. ముందు కూర్చున్న కుర్రాడు లంగరు వదులుతాడు.

ఇక్కడ కాసేపు ఉండండి. మొదటి చూపుకి చాలా బావుంటుంది. గాలి ఉంది గానీ అల లేదు. ఇసక శుభ్రంగా ఉంది. ఫిబ్రవరిలో అయితే ఈ ఒడ్డునే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. ఇక్కడే కట్టేసుకుంటే పోలేదా అనిపిస్తుంది. సరంగు ఆ మాటకి జవాబు చెప్పడు. ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి చెక్క మీద పెడతాడు. నావ లంగరు మీద తిరిగి సర్దుకుంటుంది. గాలి ఈశాన్యం నుంచి నెడుతోంది, పోటు అఖాతంలోకి లాగుతోంది. నావ ముక్కు గాలికి ఎదురు పెడుతుంది. అప్పుడు కొస చుట్టూ వంగి వచ్చిన పల్చటి అల ఒకటి పక్కనుంచి తగులుతుంది. గ్లాసు తొణుకుతుంది. మళ్ళీ. మళ్ళీ. అర్ధగంటలో గ్లాసు సగం ఖాళీ.

చాటు అనే మాటకి ముందు 'దేనికి?' అని అడగాలి. దేనికో తెలియని చాటును నమ్మకూడదు. ఈ దీవి తూర్పు అలకి చాటు, దక్షిణపు అలకి అంతకన్నా గొప్ప చాటు. నైరుతి నెలల్లో బయట సముద్రం పోటెత్తుతున్నా అఖాతంలో నీళ్ళు నిలకడగా ఉండేది అందుకే. పెద్ద ఓడలు దూరంగా లంగరేసి నిలబడితే బార్జీల మీద బియ్యం తీసుకెళ్ళి ఎక్కించే పద్ధతి కాకినాడలో ఇన్నేళ్ళు నడిచిందీ అందుకే. కానీ అఖాతం నోరు ఉత్తరానికి తెరిచి ఉంది. గాలి ఈశాన్యానికి మారిన రోజు నుంచి అదే నోటిలోంచి అల లోపలికి వస్తుంది. జూన్‌లో మంచి చోటు అనిపించింది నవంబరులో కాదు. దీవి మారలేదు, గాలి మారింది.

లంగరు పట్టిందో లేదో చూసే పద్ధతి ఇక్కడే నేర్చుకోండి, మళ్ళీ ఇంత తెరిపి చోటు దొరకదు. పడమటి ఒడ్డున లైటుహౌసును, దానికి ఇవతల ఒక పొగగొట్టాన్నో కట్టడాన్నో ఒకే వరసలో పెట్టుకోండి. కాసేపటికి ఆ రెండూ విడిపోయి, ఇంకా ఇంకా విడిపోతూ ఉంటే లంగరు జారుతోందని అర్థం. విడిపోయి మళ్ళీ కలుస్తుంటే నావ ఊగుతోందంతే. ఇక తాడు. లోతు రెండు బారలు, అంటే పన్నెండు అడుగులు. నీటి మీది నుంచి నావ ముక్కుదాకా మూడు అడుగులు. అమావాస్య పోటుకి పెరిగే నీళ్ళు ఓ నాలుగు అడుగులు వేసుకోండి. మొత్తం పంతొమ్మిది. మామూలు గాలికి దీనికి ఐదింతలు, అంటే తొంభై అయిదు అడుగుల తాడు వదలాలి. గాలి ముదిరితే ఏడింతలు, నూట ముప్పై మూడు. తాడు పొట్టిదైతే నావ లేచినప్పుడల్లా లంగరును పైకి పెరుకుతుంది. పొడుగ్గా ఉంటే నేల వెంట పక్కకి లాగుతుంది. లంగరు ముల్లు పక్కకి లాగితేనే నేలలో దిగుతుంది. పోటులో లోతు కొలిచి సరిపోయిందనుకునేవాళ్ళు ఒక తప్పు చేస్తారు, పాటులో కొలిచి తాడు కోసుకునేవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు. లోతు పాటుకి చూసుకోవాలి, తాడు పోటుకి చూసుకోవాలి.

లంగరు ఎత్తుతారు. ముల్లుకి ఇసక తప్ప ఏమీ లేదు.

నావ పడమటికి వెళ్ళి ఊరివైపు ఒకసారి చూసి వస్తుంది. ఎదురుగా ఓడరేవు గోడలు, క్రేన్లు. వాటికి దక్షిణంగా ఊళ్ళోకి పోయే ఉప్పుటేరు, జగన్నాథపురం వంతెన దాకా రెండు పక్కలా బోట్లు, బార్జీలు. మిగతా పది నెలలూ ఇక్కడ కట్టుకోవడమే సుఖం. ఐసు దొరుకుతుంది, డీజిలు దొరుకుతుంది, చేప దిగిన గంటలో అమ్ముడవుతుంది, రాత్రి కాపలా ఉంటుంది. కానీ పెద్దగాలిలో బోటుకి బోటే శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు చేపలరేవులో, గోడల మధ్య, చాటులో కట్టి ఉన్న బోట్లే ఒకదాన్నొకటి కొట్టుకుని మునిగాయి. 2023 నవంబరు 19 రాత్రి అదే రేవులో గాలివాన ఏమీ లేదు. ఒక బోటులో నిప్పు పుట్టి పక్క బోటుకి, అక్కడినుంచి ఇంకో బోటుకి పాకి తెల్లారేసరికి ముప్పైకి పైగా కాలిపోయాయి. కట్టుతాళ్ళు కోసి విడిపించుకునే సందు లేనంత దగ్గరగా ఉన్నాయవి. నీ తాడు నువ్వు జాగ్రత్తగా కట్టుకుంటే చాలదు. పక్కవాడి తాడు తెగినప్పుడు నీ నావకు ఏమవుతుందో చూసుకోవాలి.

"అటు చూడండీ," అని సరంగు రేవులో హెచ్చరికలు ఎగరేసే స్తంభం వైపు చూపిస్తాడు. ఇవాళ అక్కడ ఏమీ లేదు.

ఆ స్తంభం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. టీవీలో, పేపర్లో 'ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక' అని వింటాం. నంబరు పెద్దదైతే గాలి పెద్దదని మాత్రం అర్థం చేసుకుని ఊరుకుంటాం. 1 నుంచి 11 దాకా ఉన్న ఆ నంబర్లలో అంతకన్నా పనికొచ్చే సంగతి దాగి ఉంది. 1, 2 దూరపు హెచ్చరికలు. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పుట్టింది, లేదా తుఫాను అయింది అని. 3, 4 ఈ రేవుకే గాలి తగిలే సూచన. 5 నుంచి 10 దాకా తుఫాను రేవుకి ఏ పక్కగా దాటుతుందో చెబుతాయి. 5, 8 అంటే తుఫాను నడిచే దారికి ఈ రేవు ఎడమ పక్కన పడుతుంది. 6, 9 అంటే కుడి పక్కన. 7, 10 అంటే మీదుగానో, చాలా దగ్గరగానో. 11 అంటే వార్తలు తెగిపోయాయని.

ఎడమైతే ఏమిటి, కుడైతే ఏమిటి? మన తుఫానుల గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తుఫాను కాకినాడకు ఉత్తరంగా, తుని వైపు దాటిందనుకోండి, కాకినాడ దాని ఎడమ చేతికి పడుతుంది. గాలి నేల మీది నుంచి సముద్రంలోకి కొడుతుంది. చెట్లు విరుగుతాయి, కప్పులు లేస్తాయి, కానీ నీళ్ళు బయటికి పోతాయి. అదే దక్షిణంగా, యానాం దగ్గరో అంతకు కిందో దాటిందనుకోండి, కాకినాడ కుడిచేతికి పడుతుంది. గాలి ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం ఇలా తిరుగుతూ సముద్రాన్ని ఎత్తి అఖాతంలో పోస్తుంది. ఉప్పెన అంటే అదే. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కాకినాడకు దక్షిణంగా ఒడ్డు తాకింది. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం లాంటి మొగ ఊళ్ళలో వేటకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళు ఎందరో. 9వ నంబరు చూసినప్పుడు గాలికన్నా ముందు నీళ్ళని తలుచుకోవాలి.

సరంగు చుక్కాని తిప్పుతాడు. నావ దక్షిణానికి తిరిగి, వెనకగాలి అందుకుని, అఖాతం అడుగుకేసి పరుగెడుతుంది.

నీళ్ళ రంగు మారుతోంది. ఆకుపచ్చ పోయి బూడిద, బూడిద పోయి మట్టి రంగు. గుండు వేస్తే బార్నర. మళ్ళీ వేస్తే బార. ఈసారి సబ్బుకి అంటింది ఇసక కాదు, నల్లటి మెత్తటి బురద. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన ఆకు వాసన. సీసం గుండు పక్కన పెట్టేసి కుర్రాడు గెడ అందుకుంటాడు. నీళ్ళలో అక్కడక్కడా వలగుంజలు బారులుగా నిలబడి ఉన్నాయి. ఎదురుగా దక్షిణం అంతా ఒకటే పచ్చటి గోడ, మడ అడవి. 1978లో ప్రకటించిన కోరంగి అభయారణ్యం ఇదే. అటవీ శాఖ వాళ్ళ అనుమతి తీసుకునే బయల్దేరాం. తీసుకోకుండా రాకూడదు.

ఆ గోడలో సందు ఎక్కడో మీకు కనిపించదు. సరంగుకి కనిపిస్తుంది. "పోటు ఎక్కడ నడుస్తోందో చూడండీ, అక్కడే దారి." నిజమే. రెండు గుంజల మధ్య నీళ్ళు చిన్న చిన్న సుళ్ళు తిరుగుతూ ముందుకి పోతున్నాయి. తెరచాప దించేస్తారు. ఇక నావను తీసుకెళ్ళేది పోటే. మొగ దగ్గర తిప్ప ఉంది, గెడకు మోకాలి లోతు బురద తగులుతుంది, నావ అడుగు ఒకసారి జిగురుగా రాసుకుని జారుతుంది. పొద్దున తొమ్మిది దాటింది. పది ప్రాంతానికి పోటు నిండుతుంది. ఇంకో గంట ఆలస్యమైతే లోపలికి నడిపే నీళ్ళు ఆగిపోయేవి.

లోపలికి రాగానే గాలి ఆగిపోయినట్టు ఉంటుంది. తల ఎత్తి చూడండి, తెరకొయ్య కొసన కట్టిన గుడ్డముక్క ఇంకా రెపరెపలాడుతూనే ఉంది. గాలి పోలేదు, మన నెత్తి మీదుగా పోతోంది. రెండు పక్కలా మడ చెట్లు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు తెల్లమడవి. వంతెన కాళ్ళలా వంగి నీళ్ళలో దిగినవి పొన్నవి. నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటూ మనల్ని చూసి కూడా కదలదు. ఈ కోరంగి రేవులో, ఇదే ఏటి నీళ్ళ మీద, ఒకప్పుడు పెద్ద పెద్ద ఓడలు నిలిచేవి. కలకత్తాకూ ట్రింకోమలికీ మధ్య ఓడను మరమ్మతుకి ఎక్కించగల చోటు కోరంగి అనే పేరుండేది. ఇక్కడినుంచి రంగూన్‌కు వెళ్ళిన మనవాళ్ళను బర్మాలో 'కోరంగీ'లనే పిలిచారు.

మరి ఆ కోరంగి ఏమైంది? 1789 డిసెంబరులో ఉప్పెన అలలు ఒకదాని వెనక ఒకటి మూడు వచ్చాయి. 1839 నవంబరు 25న మళ్ళీ ఉప్పెన. ఓడలు పొలాల్లోకి కొట్టుకుపోయాయి. పట్టణం మళ్ళీ లేవలేదు. గోదావరి ఒండ్రు మిగిలిన రేవును కూడా పూడ్చేసింది.

ఇది తెలిసీ ఇక్కడికే ఎందుకు వచ్చామని మీరు అడగాలి. అడగకపోతే ఈ ఏరు మీకు తగదు. గాలికీ, అలకీ కోరంగి ఏరంత చాటు కాకినాడ పరిసరాల్లో ఇంకోటి లేదని నేను నమ్ముతున్నాను. కానీ నీళ్ళు ఎక్కి రావడానికి ఇది చాటు కాదు. మడ అడవి అలను విరగ్గొడుతుంది, వేగం తగ్గిస్తుంది. నీటి మట్టం పెరగకుండా ఆపలేదు. కాబట్టి ఇక్కడ కట్టే నావను, ఏటి నీరు ఇప్పుడున్న చోటుకి పైన పది పన్నెండు అడుగులు లేస్తే ఏమవుతుందో ఆలోచించుకుని కట్టాలి. ఇక మనుషులు ఇక్కడ ఉండనే కూడదు.

చోటు ఎంచడం మొదలవుతుంది. మొగలోంచి లోపలికి వచ్చిన మొదటి బారు చూశారుగా, వెడల్పుగా, తిన్నగా ఉంది. సరంగు అక్కడ ఆగలేదు. ఆ బారు మొగకి ఎదురుగా ఉంది. తెరిచిన నీళ్ళు ఎంత పొడుగుంటే గాలి అంత అలను లేపుతుంది. రెండో వంపు దాటాక ఏరు ఒక పక్కకి తిరిగి, మళ్ళీ ఇంకో పక్కకి తిరిగింది. ఈ రెండు వంపుల మధ్య ముక్క పొట్టిది. ఎటు గాలి వచ్చినా అలకి పరుగెత్తే చోటు లేదు. "ఇక్కడ," అంటాడు.

ఏ ఒడ్డు అన్నది ఇంకో లెక్క. వంపు బయటి ఒడ్డున లోతు ఉంటుంది, ఒడ్డును మాత్రం నీరు కొరుకుతుంటుంది. అదిగో, అక్కడ రెండు పెద్ద చెట్లు వేళ్ళు బయటపడి ఏట్లోకి ఒరిగాయి. గాలివాన రాత్రి అవి మీ నావ మీదే పడతాయి. లోపలి ఒడ్డు చూడండి, బురద మీద జానెడు మడ మొలకలు గుంపుగా లేచాయి. అక్కడ నేల పెరుగుతోంది, వచ్చే ఏడాదికి అది గట్టు. రెండూ వద్దు. వంపు తిరిగి నీరు నెమ్మదించే చోట, ముదురు చెట్లు నిటారుగా నిలబడి, వాటి ముందు బురద అంచు చెక్కుచెదరకుండా ఉన్న ఓ యాభై గజాల ముక్క ఉంది. అదే కావాలి.

నావను ఏడాదంతా ఏట్లోనే ఉంచేవాళ్ళు, పెద్ద గౌతమిలోకే వెళ్ళిపోతే ఇంకా వెడల్పు కదా అనుకోవచ్చు. గౌతమిలో వరద పాయ నడుస్తుంది. జులై, ఆగస్టుల్లో దుంగలు, ఏకంగా చెట్లు, విరిగిన పాకలు నీళ్ళలో వస్తాయి. ఒక దుంగ నావ ముక్కుకి అడ్డం పడితే దాని వెనక చెత్త అంతా పేరుకుని లంగరును పెరికేస్తుంది. పక్కపాయలో ఆ బెడద తక్కువ. వరద నీటి వల్ల ఒక మేలు కూడా ఉంది. ఉప్పునీళ్ళలో కర్రను తొలిచే పురుగు తీపినీళ్ళకు తాళలేదు. వరద నెలల్లో ఏట్లో ఉన్న నావకు పురుగు పట్టదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు కట్టేసిన వేసవిలో ఉప్పు పైదాకా ఎక్కుతుంది, అప్పుడు ఇదే ఏరు పురుగుల పుట్ట. వేసవిలో నావను ఇక్కడ వదిలేయకుండా ఒడ్డెక్కించి, గుగ్గిలం నూనె పట్టించాలి.

పోటు నిండింది. నీళ్ళు ఒక క్షణం ఎటూ పోవు. లంగరు వేసి కూర్చుంటాం. ఇక పని లేదు, సాయంత్రం నాలుగు దాకా ఎదురుచూడటమే. కుర్రాడు కిరసనాయిలు పొయ్యి మీద అన్నం, చేపల పులుసు దించుతాడు. తింటుండగా ఏరు వెనక్కి తిరుగుతుంది. నావ నెమ్మదిగా గుండ్రంగా తిరిగి ముక్కు పైకి పెడుతుంది. గంట గడిచేకొద్దీ ఒడ్డు ఎత్తవుతోంది. పొన్నవేళ్ళ మీద ముసిరిన గుల్లలు బయటపడుతున్నాయి. బురద మీద చిన్న చేపలు రెక్కల మీద పాకుతూ గెంతుతున్నాయి. దూరంగా నీటికుక్కలు నాలుగు ఒకదాని వెనక ఒకటి గట్టు దిగి ఏరు దాటతాయి. మూడు గంటలకి నావ అడుగు బురద మీద ఆనుతుంది, నిటారుగా కూర్చుంటుంది. అడుగు చదునుగా కట్టే తాళ్ళరేవు పనితనం విలువ ఇక్కడ తెలుస్తుంది. అడుగున కీల్ దిగిన పడవైతే ఈపాటికి పక్కకి ఒరిగేది.

"ఇప్పుడు దిగండీ. కట్టేది పోటులో, చూసేది పాటులో."

తొడదాకా బురద. గెడతో పొడుస్తూ నావ చుట్టూ తిరగాలి. మెత్తన, మెత్తన, మెత్తన, ఠక్! కుర్రాడు "మావయ్యా!" అని కేకేస్తాడు. బురదలో విరిగిన పాత మడ మొద్దు, కత్తిలా నిలబడి ఉంది. నావ తోకకి పది అడుగులే. పొద్దున పోటులో దాని మీద నిండుగా నీళ్ళున్నాయి, ఎవరికీ కనపడలేదు. గాలికి ఎగిరి దిగే నావ దాని మీద ఒక్కసారి దిగితే చాలు. సరంగు దాని మీద కొమ్మ పాతి గుర్తు పెడతాడు. రాత్రి పోటుకి నావ నలభై అడుగులు పైకి జరుగుతుంది.

ఇక కట్టడం. ముందు లంగర్లు రెండు, ఒకటి ఏటికి పైన, ఒకటి కింద. పోటులో ఒకటి పట్టుకుంటుంది, పాటులో ఇంకోటి. ఈ మెత్తటి బురదలో లంగరు వెయ్యగానే పట్టదు, ఒక రాత్రి దిగబడనివ్వాలి. తుఫాను రోజు వచ్చి వేసిన లంగరు మీద భరోసా పెట్టుకోకూడదు. తర్వాత ఒడ్డుకి మోకులు, నాలుగు మూలల నుంచి. ఏ చెట్టుకి కడుతున్నారో చూసి కట్టండి. తిల్ల చెట్టు జోలికి వెళ్ళకండి, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. ముదురు పొన్న మంచిది, వేళ్ళు చుట్టూ తన్నిపెట్టుకుని ఉంటాయి. తెల్లమడ వేళ్ళు పైపైనే పాకుతాయి, ఒక్కదానికే భారమంతా వెయ్యకుండా మూడు నాలుగు చెట్లకి పంచాలి. చెట్టు చుట్టూ ముందు గోనె మడత వేసి దాని మీద మోకు చుట్టాలి. నావ అంచు మీద మోకు రాసుకునే చోట కూడా గోనె కట్టాలి. గాలివానలో మోకులు లాగుడుకి తెగేకన్నా రాపిడికి తెగేదే ఎక్కువ.

మోకు బిగించి కట్టకండి. నీళ్ళు పన్నెండు అడుగులు లేచినా నావ మోకుతో పాటు లేవాలి. బిగిస్తే నీళ్ళలో నావను మనమే ముంచినవాళ్ళమవుతాం. అందుకే దగ్గరి చెట్టు వదిలేసి దూరపు చెట్టుకి, పొడుగు మోకుతో, కిందికంటా కట్టాలి. నావ నడి ఏట్లో సాలీడు గూట్లో ఉన్నట్టు ఉండాలి. తెరచాప విప్పి ఇంటికి తీసుకుపోండి, అడ్డకొయ్య దించండి, పైన గాలికి దొరికే ముక్క ఏదీ ఉంచకండి.

అంతా అయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. సరంగు చివరి మోకు మీద కాలు వేసి తొక్కి చూస్తాడు. నావలో పడుకుంటాడా అని మీరు అడుగుతారు. ఇవాళ పడుకుంటాడు. హెచ్చరిక పడిన రోజు పడుకోడు. ఆ రోజు మోకులన్నీ ఒకసారి తడిమి, దోనెలో తాళ్ళరేవు వైపు వెళ్ళి, పిల్లల్ని తీసుకుని తుఫాను షెల్టరుకి పోతాడు. నావ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. దాన్ని కాపాడదామని లోపల ఉండిపోయిన మనిషి ఉప్పెనలో దానికి చేయగలిగింది ఏమీ లేదు.

నావలున్న వాళ్ళందరికీ ఒక మనవి. రేవులో 2వ నంబరు పడగానే బయల్దేరండి, 5 దాకా ఆగకండి. కోరంగి మొగ తిప్ప దాటించే పోటు రోజుకి రెండుసార్లే వస్తుంది. ముందు వచ్చినవాళ్ళు ఏటికి అడ్డంగా మోకులు కట్టి దారి మూయకండి. వెనక వచ్చేవాళ్ళ నావలు దాటాక, ఆఖరున దాన్ని బిగించుకోండి. కట్టుకోవడానికి వీలుగా ఉంటుందని ఒక్క మడ కొమ్మ కూడా నరక్కండి. గాలి వెళ్ళిపోయిన మర్నాడు వచ్చి మోకులన్నీ విప్పుకుని వెళ్ళండి. చెట్టుకి వదిలేసిన మోకు బెరడులోకి కోసుకుపోయి చివరికి చెట్టును చంపుతుంది. ఆ తర్వాతి కార్తీకానికి కట్టుకోవడానికి ఆ చెట్టు ఉండదు.